నింపాది టైము లియోటా

మా ఊళ్ళో ఎవరినైనా "రేపు పదింటికి రా" అని పిలిస్తే వస్తామనో రామనో చెప్పరు. "ఏ పదింటికి?" అని అడుగుతారు. హార్మన్స్ ఫెర్రీ వంతెనకు అవతల తొమ్మిదైతే ఇవతల ఎనిమిది. అవతలి దాన్ని తొందర టైము అంటాం, మాది నింపాది టైము. ప్రభుత్వం పెట్టిన పేర్లు వేరే ఉన్నాయి గానీ అవి పోస్టాఫీసు గోడ మీద తప్ప ఎవరి నోటా రావు. రెండు టైములకూ మధ్య ఉన్నది ఒక పాత ఇనుప వంతెన, దాని కింద మోకాలి లోతు వాగు. చేపలు పట్టేవాళ్ళు నాలుగడుగులు అటూ ఇటూ వేసి మధ్యాహ్న భోజనం రెండుసార్లు చేయవచ్చు, చేస్తారు కూడా.

నా పేరు ఓరిన్ టల్. వంతెనకు ఇవతల బార్బర్ షాపు నాది, గోడ మీద టైముకొకటి చొప్పున రెండు గడియారాలు. అవతలి ఊరి బార్బర్ తన ఐదింటికి తలుపు బిగించుకుని వెళ్ళిపోతాడు. అక్కడ జుట్టు పెరిగినవాళ్ళంతా వంతెన దాటి నా దగ్గరికి వస్తారు, నాకింకా నాలుగే కాబట్టి. నింపాది టైము మీద నాకున్న ప్రేమలో సగం ఇదే. తర్వాత ఎవరూ నన్ను నిలదీయకుండా ఈ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. చెప్పబోయేది మాత్రం నా సంగతి కాదు, లియోటా గార్విన్ సంగతి.

లియోటా ముప్పై నాలుగేళ్ళుగా స్కూలు బస్సు తోలుతోంది, తొమ్మిదో నంబరు బస్సు. మనిషి పొడుగు, గొంతు ఇంకా పెద్దది. చివరి సీట్లో ఎవడైనా బబుల్‌గమ్ నోట్లో వేసుకుంటే అద్దంలోకి కూడా చూడకుండా "ఉమ్మెయ్" అంటుంది. ఊళ్ళో నలభై లోపు వాళ్ళంతా ఆ మాట విని ఉమ్మినవాళ్ళే. ఇప్పటికీ ఆమె నా షాపు ముందు నుంచి వెళ్తుంటే కుర్చీలో కూర్చున్న మీసాల మగాళ్ళు కూడా నమలడం ఆపేస్తారు.

ఆమె పెళ్ళి ముచ్చట మా ఊరివాళ్ళందరికీ నోటికొచ్చు. భర్త గేల్ వంతెన అవతలి వాడు. శుభలేఖలో పెళ్ళి రెండింటికి అని వేశారు, ఏ రెండింటికో వేయడం మరిచారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వాళ్ళ రెండింటికి వచ్చి చర్చిలో బారుగా కూర్చున్నారు. గంటసేపు పెళ్ళికూతురి జాడ లేదు. గేల్ చెమటలు తుడుచుకుంటూ నిలబడి ఉంటే, వాళ్ళమ్మ "ఆ పిల్ల ఇక రాదురా, పద పోదాం" అని మూడుసార్లు లేచిందట. లియోటా తన రెండింటికి, నిమిషం తేడా లేకుండా గుమ్మంలో అడుగు పెట్టి, "ఏంటి, అందరూ ఇంత ముందే వచ్చేశారు?" అంది. నాలుగేళ్ళ క్రితం కన్నుమూసేదాకా గేల్ ఈ కథ చెప్పని క్రిస్మస్ లేదు.

ఎన్నికలొస్తే మా వార్డు పోలింగ్ అధికారి లియోటాయే. ఫైర్ స్టేషన్లో ఫైరింజన్‌ను బయట నిలబెట్టి లోపల బల్లలు వేస్తారు. ఆమెది ఒక పార్టీ, నాది ఇంకో పార్టీ. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచడానికి ఇద్దరూ ఉండాలని చట్టం. ఇరవై రెండేళ్ళుగా నేను ఆమె మీద కన్నేసే ఉన్నాను, పట్టుబడింది పెర్సిమన్ పండ్ల పుడ్డింగు ఒక్కటే. ఉదయం ఆరింటికి గుమ్మంలో నిలబడి "హార్మన్స్ ఫెర్రీ వార్డు, పోలింగ్ మొదలైంది!" అని కేక పెడుతుంది. ఎదురుగా కుక్క తప్ప ఎవరూ లేకపోయినా పెడుతుంది. సాయంత్రం ఆరింటికి అదే గుమ్మంలో ముగిసిందని ఇంకో కేక. ఈ రెండు కేకల మధ్య, మంచు పడుతున్నా సరే, తలుపు మూయనివ్వదు.

"లియోటా, కాళ్ళు కొయ్యబారిపోయాయి. కాస్త దగ్గరికి వేద్దాం" అని ప్రతిసారీ బతిమాలతాను.

"మూసుంటే అయిపోయిందనుకుని వెనక్కి పోతారయ్యా. రెండు జతల మేజోళ్ళు వేసుకురావచ్చుగా" అంటుంది.

ఆ తలుపు దగ్గరే ఆమె ఎంత మొండిదో నాకు అర్థమై ఉండాల్సింది. అర్థం కాలేదు.

ఇక టైము గొడవకు వస్తాను. ఇరవై ఆరేళ్ళ క్రితం ఒక్క శీతాకాలం మా కౌంటీని తొందర టైముకు మార్చారు. స్కూలు బస్సు ఏడింటికే వచ్చేది, కానీ సూర్యుడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. డిసెంబరులో పిల్లలు చిమ్మచీకట్లో రోడ్డు పక్కన నిలబడి ఎదురుచూసేవాళ్ళు. రూడీ బెక్నెల్ అనే తొమ్మిదేళ్ళ పిల్లాడి పెన్సిళ్ళ డబ్బా చేయి జారి రోడ్డు మీద పడింది. వాడు వంగాడు. అటుగా వచ్చిన దాణా లారీ డ్రైవరుకు పిల్లాడు కనపడలేదు. లియోటా బస్సు అప్పుడే మలుపు తిరుగుతోంది. అంబులెన్సు వచ్చేదాకా ఆమె ఆ పిల్లాడి తల ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చుంది. ప్రాణం దక్కింది, కాలూ దక్కింది, లోపల ఇనుప కడ్డీతో. వసంతం వచ్చేలోగా జనం గోల పెట్టి కౌంటీని మళ్ళీ నింపాది టైముకు లాక్కొచ్చారు. అప్పటి నుంచి లియోటా దృష్టిలో అది గడియారం గొడవ కాదు. పిల్లలు తెల్లవారాక నిలబడతారా, చీకట్లో నిలబడతారా, అంతే.

పోయిన ఏడాదికి ముందు ఏడాది ఆ ప్రశ్న మళ్ళీ లేచింది. దేశమంతటికీ పెద్ద ఎన్నికలు జరిగే రోజునే మా బ్యాలెట్ అడుగున ఒక చిన్న ప్రశ్న చేర్చారు: ఈ కౌంటీ తొందర టైముకు మారాలా, వద్దా? జనం ఏమంటే అదే పైవాళ్ళను అడుగుతామని కౌంటీ పెద్దలు మాటిచ్చారు. మారాలనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఊళ్ళో పనిచేసే వయసువాళ్ళలో సగం మంది వంతెన అవతల కుర్చీల ఫ్యాక్టరీకి పోతారు. పొయ్యి మీద ఒక టైము, పడకగదిలో ఒక టైము పెట్టుకుని బతుకుతారు. వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్తే గంట ముందు, టీచరు దగ్గరికి వెళ్తే గంట ఆలస్యం.

అందరిలోకీ గట్టిగా మారాలనేవాడు ఎవరనుకున్నారు? ఆ రూడీయే. ఇప్పుడు ముప్పై ఐదేళ్ళు, ఫ్యాక్టరీలో కుర్చీ కాళ్ళు బిగిస్తాడు. ఒక శనివారం నా కుర్చీలో సగం గుండుతో ఉండగా లియోటా లోపలికొచ్చింది. వాడు నమలడం ఆపాడు.

"ఏరా రూడీ, తొందర టైముకు వేస్తావట. నీ కాలు ఏమంటోందిరా?"

"నా కాలు ఫ్యాక్టరీలో పది గంటలు నిలబడుతుంది లియోటమ్మా. అది నొప్పెట్టేది కూడా తొందర టైములోనే" అన్నాడు వాడు, అద్దంలో ఆమెను చూస్తూ. "ఇంటికొచ్చేసరికి నా కూతురు ఏ టైములో ఉందో, పెళ్ళాం ఏ టైములో ఉందో వేళ్ళు మడిచి లెక్కేసుకోవాలి. విసుగొచ్చింది."

"నీ కూతురికి ఐదేళ్ళు. వచ్చే ఏడు నా బస్సెక్కుతుంది. చీకట్లో నిలబడుతుంది."

"లైటు కొనిస్తాను."

"ఉమ్మెయ్" అంది లియోటా. వాడు ఉమ్మాడు. గొడవ అక్కడితో ఆగింది.

ఎన్నికలకు ముందు మూడు నెలలూ ఆమె ఊరుకోలేదు. మీటింగు ఎక్కడ పెడితే అక్కడికి వెళ్ళి, మనిషికిచ్చే మూడు నిమిషాలూ వాడుకుంది. కారు వెనక "పిల్లలకు వెలుతురు" అని పసుపుపచ్చ స్టిక్కరు అంటించింది. అదే స్టిక్కరు తర్వాత కథ నడిపింది. పోలింగ్ రోజు ఫైర్ స్టేషన్ దరిదాపుల్లో ఏ పక్షం గుర్తూ కనపడకూడదు. ముందు రోజు సాయంత్రం నా దగ్గర పాత బ్లేడు తీసుకుని గీకబోయింది, సగమే వచ్చింది, "పిల్లలకు" అని మిగిలిపోయింది.

"అది కూడా ఒక పక్షమే" అనుకుని కారు ఇంట్లో వదిలేసి, తెల్లవారక ముందే తొమ్మిదో నంబరు బస్సు వేసుకుని పోలింగ్‌కి వచ్చేసింది. ఆ రోజు స్కూళ్ళకు సెలవు, బస్సు ఎలాగూ ఆమె ఇంటి ముందే ఉంటుంది. ఫైరింజను పక్కన అంత పసుపుపచ్చ బస్సు నిలబెట్టి, "దీని మీద ఏ రాతా లేదు" అంది.

ఆ రోజు పొద్దున్నుంచీ రద్దీయే. ముసలివాళ్ళు, రైతులు, బడి టీచర్లు, ఇళ్ళల్లో ఉండేవాళ్ళు వరసగా వచ్చారు. ఎవరు దేనికి వేశారో చూడకూడదు, చూడలేదు. కానీ ఇరవై రెండేళ్ళు బల్ల దగ్గర కూర్చున్నవాడికి పసిగట్టే ముక్కు ఉంటుంది. పగలొచ్చేవాళ్ళంతా నింపాది మనుషులే. ఫ్యాక్టరీవాళ్ళు మా తలుపు తీయక ముందే పనికి పోతారు, వాళ్ళ ఐదున్నరకు, అంటే మా నాలుగున్నరకు పని దిగుతారు, మా ఐదు దాటాక వంతెన మీద వరసగా కనపడతారు. ప్రతి ఎన్నికకూ ఆఖరి గంట వాళ్ళదే. ఈసారి వాళ్ళ గంటే తేల్చబోతోందని నాకూ తెలుసు, లియోటాకూ తెలుసు.

నవంబరులో మాకు ఐదింటికే పొద్దు వాలిపోతుంది. ఐదూ ఐదుకు నా ఫోను మోగింది. మా ఆవిడ నడీన్.

"ఓరిన్, మూసేశారంటగా. కూర వేడి చేయనా?"

"ఎవరన్నారు మూశామని?"

"టీవీలో చెప్పారు. ఇండియానాలో పోలింగ్ అయిపోయిందట, ఎవరు గెలుస్తున్నారో రంగులు కూడా వేసేశారు. అయ్యో, నేనింకా ఓటే వేయలేదు, నీకు తెలుసా?"

మూయలేదని నేను చెప్పేలోగా ఫోను పెట్టేసింది. దేశం మొత్తం మీద అందరికంటే ముందు తలుపులు మూసేవాళ్ళలో మా రాష్ట్రం ఒకటి. తొందర టైము ఆరింటికి రాష్ట్రంలో ఎక్కువ భాగం మూసేస్తుంది. పడమటి అంచున నింపాది టైములో మేం కొద్దిమందిమి ఉన్నామని, మాకింకా ఐదేనని ఆ టీవీలో చెప్పే అబ్బాయికి ఎవరు చెప్పాలి? ఆ తర్వాత వాళ్ళు గంటకో రాష్ట్రం చొప్పున పడమటికి మూసుకుంటూ పోవాలి, సముద్రం దాకా. మా దగ్గర ఆగే తీరిక వాళ్ళకు లేదు.

తలెత్తి చూస్తే వంతెన మీద లైట్లు. పికప్పు బండ్లు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ప్రతిసారీ మా స్టేషన్ వైపు తిరిగేవి ఈసారి తిరగకుండా తిన్నగా ఇళ్ళకు పోతున్నాయి. రేడియోల్లో అదే వార్త. లియోటా గుమ్మంలో నిలబడి "పదకొండు... పన్నెండు" అని లెక్కపెట్టింది.

కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేసింది. మూడోసారికి ఎవరో అమ్మాయి ఎత్తింది.

"టీవీవాళ్ళకు చెప్పామండీ. ఆరింటికి సరిదిద్దుతామన్నారు" అంది ఆ అమ్మాయి.

"ఏ ఆరింటికమ్మా?" అంది లియోటా.

అటు నుంచి లైను పోయింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి, దాచితే బాగుండదు. బల్ల దగ్గర అప్పుడు మేమిద్దరమే ఉన్నాం. ఆమె దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అన్నాను:

"లియోటా, నువ్వేమీ చేయలేదు. నేనేమీ చేయలేదు. తలుపు తెరిచే ఉంది. వాళ్ళు రాకపోతే మన తప్పా? ఇంకొక్క ముప్పావు గంట ఊరుకో. మనం గెలిచాం."

ఆమె నా వైపు చూడలేదు. గోడ గడియారం చూసింది. ఐదూ పదమూడు. పుడ్డింగు గిన్నె మీద మూత సరిగ్గా పెట్టింది, చేతులు తుడుచుకుంది, కొక్కేనికున్న తాళాలు తీసుకుంది.

"బల్ల చూసుకో. నేను గుమ్మం కనపడేంత దూరంలోనే ఉంటాను" అని వెళ్ళిపోయింది.

బస్సు స్టార్టయింది. స్టేషన్ వాకిలి దాటి, రోడ్డు అంచుకు వచ్చి ఆగింది. తర్వాత దాని నెత్తిన ఎర్రలైట్లు టపటపా కొట్టుకోవడం మొదలెట్టాయి, పక్క నుంచి ఎర్రటి ఆగు పలక బయటికొచ్చింది. ఆ పలక బయటికొస్తే ఎటు నుంచి వచ్చే బండైనా ఆగాలి. ఆగకపోతే లైసెన్సు పోతుంది. మా ఊళ్ళో ఆ భయం లైసెన్సు వచ్చిన తర్వాత పుట్టింది కాదు, చిన్నప్పుడు ఆ బస్సులోనే పుట్టింది. వంతెన దిగుతున్న పికప్పులన్నీ బ్రేకులు తొక్కాయి. లియోటా దిగి, ఒక్కో కిటికీ దగ్గరికీ నడిచింది. ఆమె గొంతు కాబట్టి నాకు లోపలికి వినపడింది.

"ఆరు కాలేదు! ఐదుంబావే! ఓటు ఇంకా ఉంది!"

"రేడియోలో అయిపోయిందన్నారే!"

"రేడియోకి గడియారం లేదురా. నాకుంది. తిప్పు బండి."

పాల ట్యాంకరు వాడొకడు, అవతలి ఊరివాడు, తల బయటపెట్టి అరిచాడు. "అమ్మా, నేను మీ కౌంటీయే కాదు! నాకు ఆరుంబావైంది, పాలు పోతాయి!"

"నువ్వు పో నాయనా. ఓటేసి పో అనలేదుగా నిన్ను" అంది, బస్సెక్కి పలక ఒక్క క్షణం లోపలికి లాగి వాణ్ణి వదిలి మళ్ళీ బయటికి తోసింది.

నాలుగో పికప్పు రూడీది. వాడు అద్దం దించి ఆమెను, బస్సును, ఎర్రలైట్లను చూశాడట. నాకు ఆ మాటలు వినపడలేదు, వాడే తర్వాత చెప్పాడు.

"లియోటమ్మా, నేను దేనికి వేస్తానో నీకు తెలుసుగా?"

"అది నువ్వు చెప్పకూడదు, నేను వినకూడదు. తిప్పు."

తిప్పాడు. వాడి వెనకాలవాళ్ళూ తిప్పారు. ఇళ్ళకు చేరిపోయిన మొదటి పన్నెండు మందికీ వీళ్ళే ఫోన్లు చేశారు, వాళ్ళలో తొమ్మిది మంది ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తుకొచ్చారు. ఫైర్ స్టేషన్ చుట్టూ వరుస తిరిగింది. రంపప్పొట్టు వాసనతో హాలు నిండిపోయింది. నేను పేర్లు వెతికి సంతకాలు పెట్టిస్తూనే ఉన్నాను.

ఆరయ్యేసరికి ఆమె గుమ్మంలో ఉంది. "పోలింగ్ ముగిసింది! వరుసలో ఉన్నవాళ్ళందరూ వేస్తారు. ఓరిన్, నువ్వెళ్ళి చివర నిలబడు, నీ వెనక ఇంకెవరినీ రానీయకు."

వెళ్ళి నిలబడ్డాను. ఆరూ నాలుగుకు ఒక కారు సర్రున వచ్చి ఆగింది, మా నడీన్ చేతిలో కూర గిన్నెతో దిగింది.

"వరుసలో నిలబడనా?"

"అయిపోయింది నడీన్" అంది లియోటా.

"టీవీవాళ్ళు అయిపోయిందన్నారు, నువ్వు కాలేదన్నావట, ఇప్పుడు నువ్వూ అయిపోయిందంటే ఎలా? నేను వేసేది నీ నింపాదికే!"

"అందుకే అసలు కుదరదు" అంది లియోటా. నడీన్ కూర గిన్నెతో సహా వెనక్కి పోయింది. వారం రోజులు మా ఇంట్లో కూరలో ఉప్పు లేదు. తన తరఫున మాట్లాడలేదని శిక్ష నాకే పడింది.

మిషన్లకు సీలు వేసి, లెక్కల కాగితం కౌంటీకి పంపాక, ఫైర్ స్టేషన్ టీవీ పెట్టుకుని కూర్చున్నాం. రూడీ, ఫ్యాక్టరీవాళ్ళు ఇంకో నలుగురు కూడా ఆగిపోయారు, పుడ్డింగు ఉందని తెలిసి. టీవీలో రాష్ట్రాలకు రంగులు పడుతున్నాయి. పడమటి తీరంలో ఇంకా ఎండ, జనం నల్ల కళ్ళద్దాలతో వరుసల్లో నిలబడి ఉన్నారు. వాళ్ళు ఓటు వేస్తుండగానే కింద ఎవరు గెలవబోతున్నారో అక్షరాలు పరుగెడుతున్నాయి.

"పాపం వాళ్ళకు ఎవరైనా బస్సు అడ్డం పెడితే బాగుండు" అన్నాడు రూడీ. అందరూ నవ్వారు. లియోటా కూడా నవ్వింది.

ఎనిమిది దాటాక కౌంటీ నుంచి ఫోను వచ్చింది. నేనే ఎత్తాను. తొందర టైము గెలిచింది, కౌంటీ మొత్తం మీద పంతొమ్మిది ఓట్ల తేడాతో.

ఫోను పెట్టి అదే చెప్పాను. చెప్పి ఊరుకుంటే మర్యాదగా ఉండేది. "బస్సు నిలబడ్డాక మన దగ్గర డెబ్భై మంది వేశారు" అని కూడా అన్నాను. రూడీ చెంచా గిన్నెలో పెట్టాడు. లియోటా నా వైపు చేయి చాపింది.

"ఆ పుడ్డింగు కాస్త ఇటు ఇవ్వు. ఉదయం నుంచీ నేనే తినలేదు."

తింది. మొత్తం తిని, గిన్నె కడిగి, తన కోటు వేసుకుని, బస్సులో ఇంటికి వెళ్ళింది. ఆ తొమ్మిదో నంబరు వెళ్తుంటే నాకు ఆమె మీద జాలి కాదు, ఒళ్ళుమంట. గెలిచిన ఆటను తీసుకెళ్ళి అవతలివాడి చేతిలో పెట్టిందని వారం పది రోజులు కనపడిన ప్రతి తలకూ చెప్పుకున్నాను. ఇది చాలదన్నట్టు స్కూలువాళ్ళు ఉత్తరం రాశారు. పిల్లలు లేకుండా ఎర్రలైట్లు వేసినందుకు వారం రోజులు బస్సు తోలకూడదని. ఆ వారం ఆమె నా షాపులో కూర్చుని పాత పత్రికలు చదివింది. ఎవరూ నమల్లేదు.

మరుసటి నవంబరులో మా గడియారాలు గంట ముందుకు దూకాయి. పోస్టాఫీసు గోడ మీద పేరు మారింది. అవతలి బార్బరూ నేనూ ఒకేసారి తలుపులు మూస్తున్నాం, నా ఆఖరి గంట గిరాకీ పోయింది. వంతెన ఊరికే వంతెన అయిపోయింది. చేపలు పట్టేవాళ్ళు ఒక్కసారే తింటున్నారు. లియోటాకు అరవై ఏడు నిండాయి, ఆ వేసవిలోనే బస్సు మానేస్తానని అంతకు ముందు నుంచీ అంటూ ఉండేది. మానలేదు. డిసెంబరు వచ్చేసరికి ఊళ్ళో ఒక మాట పాకింది, తొమ్మిదో నంబరు రోజూ బడికి ఏడెనిమిది నిమిషాలు ఆలస్యంగా వస్తోందని. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క నిమిషం తప్పని బస్సు. ముసలిదైపోయింది, చూపు తగ్గింది అనుకున్నాం. నేనే ముందు అన్నాను.

క్రిస్మస్‌కు ముందు శనివారం రూడీ నా కుర్చీలోకి వచ్చాడు. జుట్టు తడుపుతుంటే తనే మొదలెట్టాడు.

"ఆలస్యం ఎందుకో తెలుసా ఓరిన్? ప్రతి స్టాపు దగ్గరా బస్సాపి దిగుతోంది. చేతిలో ఈ పొడుగు టార్చి. పిల్లాడి చేయి పట్టుకుని రోడ్డు దాటించి, మెట్టెక్కించి, అప్పుడు తను ఎక్కుతోంది. ఇరవై రెండు స్టాపులు. మోకాళ్ళు చూశావుగా ఆమెవి."

"నీకెలా తెలుసు? ఆ వేళకు నువ్వు ఫ్యాక్టరీలో ఉంటావుగా."

"షిఫ్టు మార్పించుకున్నాను" అన్నాడు, అద్దంలోంచి చూపు తిప్పుకుని. "మా పాప జూనీ ఆ మలుపు దగ్గరే నిలబడాలి. నేను నిలబడిన చోటే. మొదటి రోజు దాన్ని తీసుకెళ్తే ఏమీ కనపడలేదు ఓరిన్. నా చేయి నాకే కనపడలేదు. కాలు లాగడం మొదలెట్టింది. అప్పుడు ఆ ఎర్రలైట్లు వచ్చాయి."

నేను కత్తెర ఆపాను.

"ఆమె దిగి జూనీ చేయి అందుకుంది. నేనుండలేక అడిగేశాను. 'లియోటమ్మా, ఆ రోజు నేను తొందర టైముకే వేశాను. నా వెనకాలవాళ్ళూ అంతే. నువ్వు బస్సు అడ్డం పెట్టకపోతే మేం ఇళ్ళకే పోయేవాళ్ళం, నువ్వు గెలిచేదానివి, ఈ చీకటి ఉండేది కాదు. తెలిసీ ఎందుకు ఆపావు మమ్మల్ని?' అన్నాను."

"ఏమంది?"

"ముందు జూనీని ఎక్కించింది, టోపీ సరిచేసింది. తర్వాత టార్చి నా మొహం మీద వేసి, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది."

రూడీ ఆమె గొంతు తెచ్చుకోబోయాడు, రాలేదు. తన గొంతుతోనే చెప్పాడు.

"'అప్పటికింకా ఆరు కాలేదు కదరా' అంది."

నాకు సిగ్గేసింది. ముప్పావు గంట ఊరుకోమని ఆమె చెవిలో చెప్పింది నేనే. వాడి జుట్టు పూర్తి చేసి, మెడ మీద పౌడరు వేసి, బట్ట దులిపి, గోడ మీద నింపాది టైము గడియారం ఇంకా ఎందుకు ఉంచానో నాకే తెలియక దాన్ని దించాను. ఆ సోమవారం నుంచి నా షాపు పొద్దున గంట ఆలస్యంగా తెరుస్తున్నాను. నాకూ ఒక టార్చి ఉంది. ఆ ఇరవై రెండు స్టాపుల్లో మొదటి ఆరూ ఇప్పుడు నావి.